సుత్తికి గట్టి, సూదికి మెత్తన

"ఆ రోజు నీ తాళంచెవి ఎవరి చేతికైనా ఇచ్చావా?"

"లేదు తలత్ ఆపా."

"స్నానానికి వెళ్ళినప్పుడు ఎక్కడ పెడతావు?"

"తియ్యను. మెడలో గొలుసుకే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ నాన్న చేసిన అలవాటు. తాళాలు అమ్ముకునేవాడి ఇంట్లో చెవి బల్ల మీద కనపడితే చెంప పగిలేది."

లాకప్ ఊచల అవతల నిమిష్ వార్ష్ణేయ్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళవాడు. గడ్డం మాసిపోయి ఉంది. మెడలో ఇప్పుడు గొలుసు లేదు, పోలీసులు తీసుకున్నారు. ఆ గొలుసుకున్న చెవే అతన్ని ఇక్కడికి తెచ్చింది.

అతని తండ్రి గిరిరాజ్ కిశోర్ వార్ష్ణేయ్ పేరు తెలియని తాళాల కొట్టు అలీగఢ్‌లో లేదు. వజ్రద్వార్ కంపెనీ ఆయనదే. మంగళవారం పొద్దున ఆయన తన ఇంటి ఆఫీసు గదిలో తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. పక్కనే పాతకాలపు ఇత్తడి తాళం, బల్ల మీద అలంకారానికి పెట్టుకున్నది, నెత్తురు పులుముకుని ఉంది. తలుపుకి మాత్రం తాళం వేసే ఉంది. అది ఆయన కంపెనీ తాళమే. దానికి చెవులు రెండు. ఒకటి శవం జేబులో దొరికింది. రెండోది కొడుకు మెడలో ఉంది. పొద్దున ఇంటిల్లిపాదీ చూస్తుండగా ఆ తలుపు తీసింది కూడా కొడుకే. ఇన్‌స్పెక్టర్ ఉదయభాన్ తోమర్‌కి అంతకన్నా ఏం కావాలి? మధ్యాహ్నానికల్లా బేడీలు వేశాడు.

"సోమవారం రాత్రి మీ నాన్నతో గొడవపడ్డావని మీ నౌకరు చెప్పాడు," అంది తలత్.

"రోజూ పడేవాణ్ణి. కొత్తేమీ కాదు."

"దేనికి?"

"చెవి లేకుండా తాళం తీసే దొంగసూదికి కూడా లొంగని తాళం చేద్దాం అన్నాను. కొత్త నమూనా గీసి చూపించాను. ఆయన చింపేశారు. కొత్తది మంచిదని ఒప్పుకుంటే పాతది చెడ్డదని ఒప్పుకున్నట్టేనట. నన్ను పనికిరానివాడన్నారు. నౌకరు ముందే."

"తర్వాత?"

"వెళ్ళి పడుకున్నాను." నిమిష్ ఊచల దగ్గరికి వచ్చాడు. "ఆపా, ఆ తాళాన్ని సూదితో తీశారని రుజువైతే నేను బయటికొస్తాను కదా?"

"వస్తావు."

"అయితే రుజువు చెయ్యండి. అమ్మ మీకు అందుకే కదా కబురు పంపింది."

తాళాల గుట్టు తెలిసిన తలత్ రిజ్వీ తల ఊపి బయటికి నడిచింది. ఆమె వచ్చింది నిమిష్ తల్లి కబురు మీదే. కానీ ఈ కేసు ఒప్పుకోవడానికి తల్లి కన్నీళ్ళు కారణం కాదు. తోమర్ పేరు వినగానే ఒప్పుకుంది.

*

"కోర్టు ఆర్డర్ తెచ్చుకున్నావు కాబట్టి రానిచ్చాను. చూసి వెళ్ళు. ఏదీ ముట్టుకోకు," అన్నాడు తోమర్, ఆఫీసు గది గుమ్మంలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి.

"మళ్ళీ చదవండి తోమర్ సాబ్. తాళం విప్పి చూడొచ్చని రాసుంది, మీ ఎదురుగా. అందుకే మిమ్మల్ని భరిస్తున్నాను."

కానిస్టేబుల్ బచ్చూ సింగ్ నవ్వు దాచుకోవడానికి మొహం అటు తిప్పుకున్నాడు. తోమర్ గుమ్మం వదిలాడు.

గది ఇంటికి ఒక పక్కగా, గేటు దగ్గరే ఉంది. తలుపు వరండాలోకి తెరుచుకుంటుంది. బయటినుంచి వచ్చినవాడు ఇంట్లోవాళ్ళ కంట పడకుండా అక్కడి దాకా రావచ్చు. తలత్ మోకాళ్ళ మీద కూచుని స్క్రూలు విప్పి, తాళం నడిమి గొట్టాన్ని బయటికి లాగింది. చెవి దూరేది, చెవితో తిరిగేది ఆ ఇత్తడి గొట్టమే.

"అంత శ్రమెందుకు? దాని మొహం మీదే రాసుంది," అన్నాడు తోమర్. తాళం ముందు బిళ్ళ మీద చెక్కిన అక్షరాలని గోటితో తట్టాడు. "గ్రేడ్ వన్. దీని పైన గ్రేడు లేదు."

"ఆ గ్రేడు దేనికిచ్చారు?"

"తాళానికి."

"తాళంలో దేనికి?"

తోమర్ బిళ్ళ మీది వేలు వెనక్కి తీసుకున్నాడు.

"లక్షలసార్లు తీసి, వేసి చూశారు. సుత్తితో కొట్టారు. బోల్టుని రంపంతో కోశారు. తలుపుని గుంజారు. అన్నింటికీ నిలబడింది. ఒకటో గ్రేడు ఇచ్చారు, బాగానే ఉంది. కానీ సూది పెట్టి చూడమని ఆ పరీక్షలో లేదు. దానికి వేరే పరీక్ష ఉంది. దానికి ఈ తాళాన్ని వార్ష్ణేయ్ ఏనాడూ పంపలేదు. పంపితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. అసలు అంకెల మాట కూడా నమ్మడానికి లేదు. కొన్ని దేశాల్లో ఒకటంటే శిఖరం, కొన్ని చోట్ల ఒకటంటే అట్టడుగు."

"పాఠం చెప్తున్నావా?"

"మీ స్టేషన్ బీరువాకి లోపల ఎనిమిది రేకులుండే లివర్ల పాత తాళం ఉంది చూడండి. పది రూపాయల ఇనుములా ఉంటుంది. నాలుగు సుత్తి దెబ్బలకి ఊడి చేతికొస్తుంది. సూదితో తీయమంటే మాత్రం నాకొక పూట పడుతుంది. ఇది దానికి తిరగేసిన సరుకు. సుత్తికి గట్టి, సూదికి మెత్తన. మీకిది కొత్త సంగతి కాదు కదా."



తోమర్‌కి కొత్త కాదు. పన్నెండేళ్ళ కిందట అతను ఇంకా సబ్ ఇన్‌స్పెక్టరు. నగల దుకాణం ఒకటి రాత్రికి రాత్రి ఖాళీ అయింది. తలుపుకి వేసిన వజ్రద్వార్ తాళం వేసినట్టే ఉంది. చెవి ఉన్నది దుకాణంలో లెక్కలు రాసే ముంశీ బాంకేలాల్ మాథుర్ దగ్గర. తలత్ అప్పుడు ప్రభుత్వ ల్యాబులో తాళాల మీది గీతలు చదివే ఉద్యోగంలో ఉంది. అలాంటి తాళాన్నే బల్లకి బిగించి, తోమర్ ఎదుట కూచుని, అతను టీ తాగి కప్పు కింద పెట్టేలోగా సూదితో తీసి చూపించింది. తోమర్ "శభాష్" అని వెళ్ళిపోయాడు. కోర్టులో ఆ మాట ఎత్తలేదు. వార్ష్ణేయ్ బోనెక్కి, ఈ తాళానికి దేశంలో అన్నింటికన్నా పై గ్రేడు ఉందని ప్రమాణం చేసి చెప్పాడు. అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ నిజంతోనే ముంశీకి శిక్ష పడింది. మూడో ఏట జైల్లోనే పోయాడు. నేను సాక్ష్యం చెప్తానని తలత్ పట్టుబట్టినందుకు ఆమె మీద లంచం కేసు పుట్టింది. కేసు నిలవలేదు గానీ ఉద్యోగమూ నిలవలేదు.

ఆమె చిన్న సూక్ష్మదర్శిని బల్ల మీద పెట్టి, గొట్టంలోంచి, చెవి పళ్ళు ఎత్తే చిన్న పిన్నులు ఒక్కొక్కటే తీసి వరసగా పేర్చింది. ఒక్కొక్కదాన్నే అద్దం కింద తిప్పి చూసింది.

"చూడండి."

"నేను చూసేదేముంది?"

"ఎదురుగా చూశారని కోర్టుకి చెప్పాలి కదా. వంగండి."

తోమర్ వంగాడు. పిన్నుల అడుగున చెవి రోజూ రాసుకున్న చోట నున్నగా అరిగి ఉంది. ఆ అరుగుదలని అడ్డంగా కోస్తూ సన్నని కొత్త గీతలు మెరుస్తున్నాయి. చెవి అలా గీయదు. చెవి ఎప్పుడూ ఒకే దారిన పోతుంది.

"ఇప్పుడు గొట్టం మొహం చూడండి. చెవి దూరే సందు అంచున, కుడివైపు, చిన్న గాటు. సూది పిన్నుల్ని ఎత్తుతుంటే గొట్టం తిరగడానికి ఇంకో కమ్మీతో ఒత్తి పట్టాలి. ఆ కమ్మీ నలిపిన చోటు అది."

"ఇంటి పిల్లలు ఏ పిన్నీసో పెట్టి కెలికి ఉంటారు."

"ఎడమవైపు కూడా చూడండి."

ఎడమవైపు కూడా అలాంటిదే ఒక గాటు ఉంది. ఒక్కటే.

"తాళం తీయడానికి ఒకవైపు తిప్పాలి. వేయడానికి రెండోవైపు. రెండు వైపులా ఒక్కొక్క గాటు. అంటే సూదితో ఒకసారి తీశారు, సూదితోనే ఒకసారి వేశారు."

తోమర్ నిటారుగా లేచాడు. "దొంగ పని అయ్యాక మళ్ళీ నిలబడి తాళం వేస్తాడా? అదీ సూదితో, చెమటలు కక్కుకుంటూ? ఏ దేశంలో చూశావు?"

"దొంగ వెయ్యడు. చెవి ఉన్నవాడి మెడకి చుట్టాలనుకున్నవాడు వేస్తాడు. బాంకేలాల్ ముంశీ మెడకి చుట్టుకున్నట్టు."

"ముంశీ దొంగ. కోర్టు చెప్పింది."

"కోర్టుకి మీరు చెప్పారు. మీకు నేను చెప్పాను."

బచ్చూ సింగ్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. తోమర్ మొహం ఎర్రబడింది గానీ గొంతు లేవలేదు.

"తలత్ బీబీ, ఉద్యోగం ఊడినవాళ్ళ గీతలు కోర్టు చదవదు. నేను ఇప్పుడే ఫ్యాక్టరీకి వెళ్తున్నాను. పరీక్షగది వాళ్ళ చేతే రాయించుకొస్తాను, ఈ తాళం సూదికి లొంగదని. సంతకంతో సహా. సాయంత్రానికి నీ గీతలు కాకిగీతలు."

"వార్ష్ణేయ్ కొడుకుని వార్ష్ణేయ్ కంపెనీ మాటతోనే ఉరి తీయిస్తారన్నమాట."

"చట్టం అంటే అదే," అని తోమర్ మెట్లు దిగాడు. బచ్చూ సింగ్ వెనకే వెళ్ళాడు.

*

తలత్ మళ్ళీ అద్దం మీదికి వంగింది. ఆ గీతల్లో ఇంకేదో ఉంది. తోమర్ మీది మంటలో దాన్ని సరిగా చూడలేదు.

సూదితో తాళం తీసేవాడు ఎంత నేర్పరి అయినా తడుముకుంటాడు. ఏ పిన్ను ముందు బిగుస్తుందో తెలియక అన్నింటినీ పొడిచి చూస్తాడు. వెనక్కొస్తాడు, జారుతాడు, మళ్ళీ మొదలెడతాడు. పిన్నుల నిండా గజిబిజి మిగులుతుంది. ఇక్కడ ఆ గజిబిజి లేదు. గీతలు తీసినప్పటివీ వేసినప్పటివీ తప్ప ఒక్కటి ఎక్కువ లేదు. ఈ చెయ్యి ఈ రకం తాళాన్ని వందలసార్లు తీసింది. నిద్రలో తీయమన్నా తీస్తుంది.

వందలసార్లు ఒకే రకం తాళం ఎవరికి దొరుకుతుంది?

కుసుమ్‌లత వార్ష్ణేయ్ వరండాలో పీట మీద కూచుని ఉంది. నిమిష్ తల్లి. పోయిన మనిషి కోసం ఏడ్చిందో లేదో మొహం చూసి చెప్పడం కష్టం. తలత్ ఎదురుగా కూచుంది.

"మాతాజీ, ఫ్యాక్టరీలో తాళాలు పరీక్ష చేసేది ఎవరు?"

"పరీక్షగదిలోనా? ఒక అమ్మాయి, పేరు ఇలా. కుల్‌శ్రేష్ఠ వాళ్ళ కోడలు."

"ఎన్నాళ్ళుగా?"

"నాలుగేళ్ళు దాటింది. మా ఆయనే పిలిచి పెట్టుకున్నాడు." కుసుమ్‌లత కొంగు సర్దుకుంది. "పెళ్ళయి ఇంటిపేరు మారింది గానీ ఆ పిల్ల బాంకేలాల్ ముంశీ కూతురు. తండ్రి లేని పిల్లకి అన్నం పెడితే పుణ్యమన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో నాకు తెలుసు. నేనెప్పుడూ అడగలేదు. నెమ్మదైన పిల్ల. పండక్కి వచ్చి కాళ్ళకి దణ్ణం పెడుతుంది."

తలత్ ఫోన్ తీసి తోమర్‌కి కొట్టింది. కట్ చేశాడు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ కట్ చేశాడు. మూడోసారి మోగి మోగి ఆగిపోయింది.

"ఆ ఫ్యాక్టరీకి దగ్గర దారి ఏది?"

"నా కారెక్కు. నేనూ వస్తాను," అంది కుసుమ్‌లత లేస్తూ.

*

పరీక్షగది ఫ్యాక్టరీ వెనక కొసన ఉంది. దారి చూపించేవాళ్ళు అక్కర్లేకపోయింది. పనివాళ్ళంతా ఆ గది దగ్గరి నుంచి బయటికి పరిగెడుతున్నారు. గ్యాస్ వాసన నడవా మొదట్లోనే ముక్కుకి తగిలింది.

గది తలుపు ఇనుపది. దానికి రెండు వైపులా చెవి పట్టే వజ్రద్వార్ తాళం బిగించి ఉంది. బచ్చూ సింగ్ పెద్ద సమ్మెట ఎత్తాడు.

"దించు," అంది తలత్.

"మేడంజీ, సాబ్ లోపల—"

"దించమన్నానా? ఒక్క నిప్పురవ్వ లేస్తే మనమందరం గోడలకి అంటుకుంటాం. కరెంటు తీయించావా?"

"గేటు దగ్గర మెయిన్ తీయించాను." అతను సమ్మెటని పసిపిల్లని దించినట్టు నేల మీద పెట్టాడు.  "సాబ్ సంతకం కోసం లోపలికెళ్ళారు మేడంజీ. ఆ అమ్మాయి టీ చెప్తానని లేచి, తలుపు మూసి లోపలినుంచి తాళం తిప్పేసింది. లోపల ఇనుప తీగల జాలీ గది ఇంకోటి ఉంది. తాళాల్ని కొట్టి చూసేటప్పుడు ముక్కలు ఎగరకుండా కట్టించినది. చెవులతో సహా అందులోకి వెళ్ళి దానికీ తాళం వేసుకుందని సాబ్ లోపలినుంచి అరిచి చెప్పారు. కాలుస్తానని పిస్తోలు తీశారట. తీసి ఏం లాభం? తాళాల్ని కాల్చి చూసే గ్యాస్ బండ ఆమె దగ్గరే ఉంది, తిప్పి వదిలేసింది."

"కిటికీ?"

"లేదు. గాలి లాగే ఫ్యాను స్విచ్చి కూడా లోపలే."

తలుపు అవతలినుంచి దగ్గు వినపడింది. తర్వాత తోమర్ గొంతు. "బచ్చూ, ఏం చేస్తున్నారురా? పగలగొట్టండి."

"పగలదు తోమర్ సాబ్," అంది తలత్. "గ్రేడ్ వన్."

 అప్పుడు ఆడగొంతు ఒకటి, లోపలి గది నుంచి, తొందరేమీ లేకుండా పలికింది.

"తలత్ ఆపా మీరేనా? మీ పేరు నాకు చిన్నప్పుడే తెలుసు. జైలుకి వెళ్ళినప్పుడల్లా మా నాన్న చెప్పేవాడు. ఒక్కమ్మాయి నిజం చెప్పింది, ఆ అమ్మాయి నోరూ నొక్కేశారని."

"అమ్మా ఇలా, గ్యాస్ ఆపెయ్. మాట్లాడుకుందాం."

"మాటలన్నీ అయిపోయాయి ఆపా. ఈ తాళం సూదితో తీయలేరని సాబ్ నా చేత రాయించుకున్నారు. రాశాను, సంతకం పెట్టాను. ఆ కాగితం ఆయన చేతిలోనే ఉంది. అది నిజమైతే మేమిద్దరం ఇక్కడే చస్తాం. అబద్ధమైతే మీరు తలుపు తీస్తారు. నాకు రెండూ ఒకటే."

తలత్ సంచీలోంచి తోలు మడత తీసి నేల మీద పరిచింది. వంపు కమ్మీ ఒకటి, సన్నని సూది ఒకటి ఎంచుకుంది. తలుపు ముందు మోకరిల్లింది. కింద సందులోంచి వస్తున్న గ్యాస్ కళ్ళు మండిస్తోంది. నడవా మొదట్లో ఇంకో ఇద్దరు కానిస్టేబుళ్ళు, వాళ్ళ వెనక కుసుమ్‌లత.

కమ్మీ ఆనించింది. సూది లోపలికి జరిపింది. మొదటి పిన్ను ఎత్తింది. చిన్న కదలిక వేలి కొసకి తెలిసింది. రెండోది ఎత్తింది. మూడోది.

అక్కడ చెయ్యి ఆగింది.

అది తడబాటు కాదు. ఆమె ఆపింది. లోపల దగ్గుతున్నవాడు తన పన్నెండేళ్ళు తిన్నవాడు. తన అమ్మ ఆఖరి రోజుల్లో ఇంటికి వచ్చిన ప్రతి చుట్టం లంచం గురించే అడిగి వెళ్ళాడు. ఆ సిగ్గుతోనే అమ్మ కన్ను మూసింది. ఇప్పుడు తలత్ చెయ్యాల్సింది ఏమీ లేదు. ఊరికే వేలు కొంచెం వదులు చేస్తే చాలు. పిన్నులన్నీ కిందికి జారతాయి, తాళం తాళంలాగే ఉంటుంది. ఎవ్వరూ తప్పు పట్టరు. తీయలేని తాళమని తోమరే రాయించుకున్నాడు.

"తలత్," అన్నాడు తోమర్. గొంతు నేల దగ్గరి నుంచి వచ్చింది. కూలబడ్డట్టున్నాడు. "తియ్యి. నువ్వు తీయగలవు."

"ఏది తీయగలను?"

"తాళం. నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

దగ్గు. చాలాసేపు దగ్గు.

"వినపడలేదు తోమర్ సాబ్. ఇక్కడ బచ్చూ సింగ్ ఉన్నాడు. ఇంకో ఇద్దరు మీ వాళ్ళే ఉన్నారు. అందరికీ వినపడేట్టు చెప్పండి."

"ల్యాబులో తీశావు. నా ఎదురుగా. నేను చూశాను."

"ఎప్పుడు?"

"ముంశీ కేసు... కోర్టుకి వెళ్ళక ముందే. నాకు తెలుసు. వార్ష్ణేయ్‌కీ తెలుసు. చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. నీ మీద లంచం కేసు నేనే పెట్టించాను. తియ్యి తలత్, నీ కాళ్ళు పట్టుకుంటాను, తియ్యి."

బచ్చూ సింగ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో అతనికే తెలిసినట్టు లేదు.

తలత్ పళ్ళు బిగించి మిగతా పిన్నులు ఎత్తింది. ఆఖరిది మొండికేసింది. కమ్మీ మీది ఒత్తిడి వెంట్రుకవాసి తగ్గించి మళ్ళీ ఎత్తింది. గొట్టం కదిలి మెల్లగా తిరిగింది. బోల్టు వెనక్కి జరిగిన చప్పుడు నడవాలో అందరికీ వినపడింది.

తలుపు తెరుచుకోగానే తోమర్ మోచేతుల మీద పాకుతూ బయటికొచ్చి, గోడ వారగా వాంతి చేసుకున్నాడు. చేతిలో కాగితం నలిగి ముద్దయి ఉంది. అతన్ని లేవదీయడానికి ఎవరూ ముందుకి రాలేదు. కాసేపటికి బచ్చూ సింగ్ వంగి, చెయ్యి ఇవ్వకుండా, నడుముకున్న పిస్తోలు మాత్రం తీసుకున్నాడు.

లోపల ముంశీ కూతురు గ్యాస్ ఆపేసింది. జాలీ తాళం తానే తీసుకుని గోడ పట్టుకుంటూ బయటికొచ్చింది. సన్నని మనిషి. పెదాలు నీలంగా ఉన్నాయి. రెండు చేతులూ ముందుకి చాపింది.

ఆమెని గాలి తగిలే చోటికి నడిపించి కూచోబెట్టారు. ఆమె నీళ్ళు తాగాక తలత్ ఎదురుగా గొంతుక్కూచుంది.

"వార్ష్ణేయ్‌ని కూడా ఇలాగే ఒప్పించి ఉండొచ్చు కదా. ఎందుకు చంపావు?"

ముంశీ కూతురు తలత్ మొహంలోకి చూసింది. "ఒప్పించడానికే వెళ్ళాను ఆపా. ఎప్పుడూ అర్ధరాత్రి దాకా ఆ గదిలోనే కూచుంటాడు. తలుపు నా చేత్తో తీసి ఎదురుగా నిలబడదామనుకున్నాను. నీ తాళం ఇదిగో ఇలా తెరుచుకుంది, ఇప్పుడు చెప్పు, మా నాన్న దొంగా అని అడుగుదామనుకున్నాను. నాలుగేళ్ళు ఆ ఒక్క మాట కోసం ఆయన ఉప్పు తిన్నాను."

"అడిగావా?"

"ఎవర్ని అడగను? తలుపు తీసేసరికి నేల మీద ఉన్నాడు. నెత్తురు అప్పటికే ఎండి నల్లబడింది." ఆమె గొంతులో మొదటిసారి కోపం పలికింది. "ఎవరో నాకంటే ముందు వచ్చి నా మాట నాకు దక్కకుండా చేశారు. చచ్చిన నోరు ఏం చెప్తుంది? అందుకే బతికున్న రెండో నోటి కోసం ఇవాళ్టి దాకా ఆగాను."

"మరి తాళం మళ్ళీ ఎందుకు వేశావు?"

"తాళం సాక్ష్యం చెప్తే ఎలా ఉంటుందో ఆ ఇంటివాళ్ళు కూడా రుచి చూడాలని."

తలత్‌కి అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉంది. జవాబు తెలిసే అడిగింది.

"నువ్వు వెళ్ళేసరికి తలుపు తాళం వేసి ఉందా?"

"వేసి ఉంది. లేకపోతే నేను సూది ఎందుకు తీస్తాను?"

తలత్ కళ్ళు మూసుకుంది. కుడివైపు ఒక గాటు, ఎడమవైపు ఒక గాటు. రెండూ ఈ పిల్లవి. మూడో గాటు లేదు. ఈమె కన్నా ముందు ఆ గదిలోంచి బయటికొచ్చినవాడు సూదితో తాళం వెయ్యలేదు. చెవితో వేశాడు. వార్ష్ణేయ్ చెవి శవం జేబులో, తాళం వేసిన గది లోపలే ఉంది. మిగిలింది ఒక్కటే చెవి. దాని యజమాని స్నానంలో కూడా మెడలోంచి తియ్యడు. తాళాల ఇంట్లో పుట్టినవాడికి, ఎంత కంగారులో ఉన్నా గది దాటగానే అలవాటు కొద్దీ చెయ్యి తాళం మీదికి పోయి ఉంటుంది. ఊచల వెనక అతను అడిగిన ప్రశ్నకి ఇప్పుడు అర్థం తెలిసింది. సూది మాట రుజువైతే బయటికొస్తాను కదా, అన్నాడు. వస్తావు, అంది తను. ఇప్పుడు ముగ్గురు పోలీసుల ఎదుట రుజువు చేసింది కూడా.

తోమర్ దుర్మార్గుడే. పట్టుకున్నది మాత్రం సరైన మనిషినే.

వెనక చీర చప్పుడు వినపడి తలత్ తల తిప్పింది. కుసుమ్‌లత ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడిందో తెలియదు. మొత్తం విన్నదని మొహం చూస్తే తెలిసింది.

"మాతాజీ," అంది తలత్ లేస్తూ.

"పొద్దున తలుపు తీసేటప్పుడు వాడి వెనక నేనే ఉన్నాను," అంది కుసుమ్‌లత. "తలుపు ఇంకా పూర్తిగా తెరవలేదు. లోపల ఏముందో కనపడలేదు. వాడు అప్పటికే ఏడుస్తున్నాడు. తండ్రి మీది ప్రేమ అనుకున్నాను."

 ముంశీ కూతురు చలి పట్టినదానిలా వణుకుతోంది. కుసుమ్‌లత తన భుజం మీది శాలువా తీసి ఆ పిల్ల చుట్టూ కప్పింది. కప్పి, రెండు చివరలూ మెడ దగ్గర బిగించి పట్టుకుని, బచ్చూ సింగ్ వైపు చూసింది.

"ఈ పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కాపలా పెట్టండి. ఈమెకి ఏమీ కాకూడదు. నా కొడుకు మీద సాక్ష్యం చెప్పాల్సింది ఈమే."